ర్యాంప్ చివర ఆగితే ఏమవుతుంది?

డ్రైవింగ్ నేర్పే టీచర్‌గా నాకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చోటు గురించి ఉన్నాయి. పక్క రోడ్డు వదిలి హైవే మీదికి ఎక్కే ఆ కాస్త దూరం. నా దగ్గర నేర్చుకునేవాళ్లు కూడా అక్కడికి రాగానే స్టీరింగ్‌ను గట్టిగా పట్టేసుకుంటారు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఈ ఒక్క విషయానికే చోటిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, లైసెన్స్ వచ్చి ఏడాది కావస్తోంది. ఊళ్లో ఎంత ట్రాఫిక్ ఉన్నా బాగానే నడుపుతాను. హైవే ఎక్కాలంటే మాత్రం టెన్షన్. ర్యాంప్ చివరిదాకా వెళ్లి ఆగిపోతాను. వెనకాల హారన్లు మోగుతాయి. ఇంకా కంగారు. ఆగి, చూసుకుని వెళ్లడమే క్షేమం కదా? నాది తప్పంటారా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఆగి చూసుకుని వెళ్లడం ఊళ్లో కూడలి దగ్గర చాలా మంచి అలవాటు. మీకది బాగా అబ్బింది కాబట్టే ఇక్కడ కూడా కాలు బ్రేక్ మీదికి పోతోంది. కానీ హైవే దగ్గర అదే అలవాటు ప్రమాదం తెస్తుంది. ఎందుకో లెక్క వేసి చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి. ఈ లెక్క ఒకసారి మనసుకు ఎక్కితే భయం సగం తగ్గుతుందని నా అనుభవం.

హైవే మీద బండ్లు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నాయనుకోండి. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. మీరు ర్యాంప్ చివర పూర్తిగా ఆగి, అక్కడి నుంచి బయల్దేరారు. మామూలు చిన్న కారు సున్నా నుంచి 80 అందుకోవడానికి పది సెకన్లు అటూ ఇటూ పడుతుంది. ఆ పది సెకన్లలో మీరు వెళ్లేది 110 మీటర్లు. వెనక నుంచి వచ్చే బండి 280 మీటర్లు వచ్చేస్తుంది. అంటే మీరు కదిలేటప్పటికి అది కనీసం 170 మీటర్ల వెనక ఉండాలి. అది కూడా మిమ్మల్ని తాకకుండా ఉండటానికి మాత్రమే. ఇద్దరి మధ్య రెండు సెకన్ల దూరం మిగలాలంటే మరో 56 మీటర్లు కలపాలి. మొత్తం 225 మీటర్లు దాటుతుంది. రద్దీ వేళలో అంత ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? దొరకదు. ఎంతసేపు చూసినా దొరకదు. చివరికి విసిగిపోయి, వెనక హారన్లు భరించలేక, చాలని ఖాళీలోకి దూరిపోతారు. ఘోరాలు జరిగేది అప్పుడే.

ఇప్పుడు అదే చోటికి మీరు కూడా 100 వేగంతో వచ్చారనుకోండి. మీకూ వెనక బండికీ వేగంలో తేడా లేదు. మీ వెనక ఆ 56 మీటర్లుంటే చాలు, ముందు మరో 56. వెనక కావలసిన ఖాళీ నాలుగో వంతుకు పడిపోయింది. ఆగడం వల్ల మీరు జాగ్రత్త పడుతున్నామనుకుంటారు, కానీ మీ వెనక కావలసిన ఖాళీని మీరే నాలుగింతలు చేసుకుంటున్నారు.

ర్యాంప్ చివర ఉండే లేన్ కట్టిందే వేగం అందుకోవడానికి. దాన్ని యాక్సిలరేషన్ లేన్ అంటారు. హైవే పక్కనే దానితో సమానంగా కొంతదూరం సాగి, తర్వాత సన్నబడి కలిసిపోతుంది. ర్యాంప్ వంపులో బోర్డు చెప్పిన వేగంలోనే రండి, అక్కడ తొందర పనికిరాదు. వంపు విడిచి రోడ్డు తిన్నగా అవగానే హైవే వైపు చూడటం మొదలుపెట్టండి. ఇండికేటర్ అప్పుడే వేయండి, దూరేముందు కాదు. గేర్ ఒకటి తక్కువలో ఉంచి యాక్సిలరేటర్ ధైర్యంగా నొక్కండి. ఇంజిన్ గట్టిగా మోగుతుంది. మోగనివ్వండి, దానికేమీ కాదు. కొత్తవాళ్లు ఆ శబ్దానికే బెదిరి కాలు తీసేస్తారు.

నా దగ్గర నేర్చుకునేవాళ్లతో నేను ఒక పని చేయిస్తాను. "ఏ బండి వెనక ఎక్కుతున్నారో నాకు పైకి చెప్పండి" అంటాను. "ఖాళీ చూస్తున్నాను" అంటే ఒప్పుకోను. బండి ఏదో చెప్పాలి. మీలాగే ర్యాంప్ చివర ఆగిపోయే ఒకావిడ ఉండేది. యాభై దాటిన మనిషి. ఒకరోజు "ఆ నీలం ట్యాంకర్ వెనక" అని గట్టిగా చెప్పేసింది. అంతే, ఆమె కళ్లు దారి వెతుక్కోవడం మానేసి ఆ ట్యాంకర్‌నే పట్టుకున్నాయి. కాలు కొంచెం వదిలి, అది దాటగానే మళ్లీ నొక్కి, దాని వెనక చక్కగా చేరిపోయింది. ఖాళీ అంటే కంటికి ఆనేది కాదు. బండి ఆనుతుంది. అందుకని బండినే ఎంచుకోండి.

అది ఎంచుకున్నాక లోపలి అద్దం, హైవే వైపు అద్దం, ఆ తర్వాత భుజం మీదుగా ఒక్క చూపు. అద్దాల్లో కనబడని చోటు ఒకటి మీ బండి పక్కనే ఉంటుంది. మోటార్‌సైకిల్ మొత్తం అందులో ఇమిడిపోతుంది. ఆ చూపు అర సెకనుకు మించకూడదు, ఎందుకంటే మీ ముందు బండి అదే క్షణంలో బ్రేక్ వేయొచ్చు. మీ ముందున్న డ్రైవరు మీలాంటివారే, ఆయనకూ ర్యాంప్ చివర ఆగే అలవాటు ఉండొచ్చు. అందుకే ర్యాంప్ మీద ముందు బండికి బాగా దూరంగా ఉండండి. ఇద్దరూ వెనక్కి తిరిగి చూస్తూ ఒకరికొకరు గుద్దుకునే ప్రమాదాలు ఇక్కడే జరుగుతాయి.

ఎంత చూసినా ఖాళీ కుదిరేలా లేదనిపిస్తే? వేగం తగ్గించక తప్పకపోతే లేన్ మొదట్లోనే తగ్గించండి. చివరిదాకా వెళ్లి ఆగితే ముందు రోడ్డుండదు. మొదట్లో తగ్గిస్తే, ఖాళీ కనబడగానే వేగం అందుకోవడానికి ఇంకా రోడ్డు మిగిలి ఉంటుంది. ఒకవేళ చివర ఆగిపోయారే అనుకోండి, హారన్లను పట్టించుకోకండి. పెద్ద ఖాళీ వచ్చేదాకా ఎంతసేపైనా ఆగండి. వెనకవాళ్ల ఓపిక గురించి ఆలోచించే చోటు కాదది.

అసలు యాక్సిలరేషన్ లేన్ లేని ప్రవేశాలు కూడా ఉంటాయి. పాత రోడ్ల మీద ఎక్కువ. అక్కడ తలకిందుల త్రికోణమో, స్టాప్ బోర్డో పెట్టి ఉంటుంది. అక్కడ మాత్రం మీ పాత అలవాటే సరైనది. దారి ఇవ్వాలి, అవసరమైతే పూర్తిగా ఆగాలి. 1968లో వియన్నాలో కుదిరిన రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం కూడా ఈ రెంటినీ విడివిడిగానే చెప్పింది. లేన్ లేకపోతే హైవే మీది బండ్లకు దారి ఇవ్వండి, లేన్ ఉంటే దాన్ని వాడుకుని, ఎవరికీ ప్రమాదం లేకుండా, ముందుగా సిగ్నల్ ఇచ్చి కలవండి, అని. ఆ "లేన్‌ను వాడుకుని" అన్న మాటను మా టీచర్లు ఇంకా గట్టిగా చెప్పాల్సి ఉందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ప్రశ్న: ర్యాంప్ మొదలయ్యే చోట నాలుగైదు బోర్డులు ఒకేసారి కనిపిస్తాయి. అన్నీ చదివేలోపు దాటిపోతాను. ఏది ముందు చూడాలి? (కొత్తగా కారు కొన్న పాఠకుడు)

జవాబు: చదవడం తర్వాత, ముందు ఆకారం చూడండి. అదే 1968లో వియన్నాలోనే రోడ్డు గుర్తుల మీద ఇంకో ఒప్పందం జరిగింది. చాలా దేశాల బోర్డులు దాని ప్రకారమే ఉంటాయి. ఎర్ర అంచు త్రికోణం హెచ్చరిక, కొన్ని దేశాల్లో దానికి బదులు పసుపు రంగు డైమండ్ ఆకారం. ఎర్ర అంచు గుండ్రం నిషేధం లేదా పరిమితి. నీలం గుండ్రం తప్పనిసరిగా చేయాల్సిన పని. దీర్ఘచతురస్రం సమాచారం. దారి ఇవ్వమనేది తలకిందుల త్రికోణం, స్టాప్ అష్టభుజి. ఈ రెంటికీ వేరే ఏ బోర్డుకూ లేని ఆకారం కావాలనే ఇచ్చారు. మీద మట్టి కొట్టుకుపోయినా, మంచు కప్పేసినా, వెనకవైపు నుంచి చూసినా అంచుని బట్టి పోల్చుకోవచ్చు. అక్షరాలు రానివాళ్లకు, వేరే దేశం నుంచి వచ్చినవాళ్లకు కూడా అర్థమవుతుంది. మనుషులు చేసుకున్న మంచి ఒప్పందాల్లో ఇదొకటని నేను నిజంగా నమ్ముతాను.

ఇక మీరడిగిన చోటు. ఎక్కేముందు మొట్టమొదట చూడాల్సింది, ఎర్ర గుండ్రంలో అడ్డంగా తెల్ల గీత ఉన్న బోర్డు. ప్రవేశం లేదని దాని అర్థం. హైవే దగ్గర ఎక్కే ర్యాంపు, దిగే ర్యాంపు చాలాసార్లు పక్కపక్కనే ఉంటాయి. దిగే దాంట్లోకి పొరపాటున ఎక్కితే ఎదురుగా వచ్చే బండ్లకు ఎదురెళ్తారు. రాత్రిపూట, వానలో, కొత్త చోట ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. మిగతా బోర్డులన్నీ దాటిపోయినా ఇది దాటిపోకూడదు.

తర్వాత ర్యాంప్ వంపు దగ్గర వేగం బోర్డు. అది ఆ వంపుకు మాత్రమే. వంపు దాటాక కూడా అదే వేగంలో హైవే ఎక్కేవాళ్లను చూస్తుంటాను. 40 అని రాసి ఉంది కదా అని 40లోనే కలిస్తే 100లో వచ్చే వెనక బండి మీ మీదికి సెకనుకు 17 మీటర్ల చొప్పున దూసుకొస్తుంది. వంద మీటర్ల వెనక ఉన్నది ఆరు సెకన్లలో మీ డిక్కీ దగ్గర ఉంటుంది.

మూడోది, కలిసే గుర్తు. తిన్నగా ఒక గీత, పక్క నుంచి ఇంకో గీత వచ్చి అందులో కలిసిపోతుంది. చాలాచోట్ల ముఖ్య దారిని మందంగా, వచ్చి కలిసేదాన్ని సన్నగా గీస్తారు. దీన్ని పోలినదే ఇంకొకటుంది, అమెరికాలో ఎక్కువగా కనిపిస్తుంది. రెండు గీతలూ దగ్గరికి వస్తాయి కానీ కలవవు, పక్కపక్కనే ముందుకు పోతాయి. అంటే మీ లేన్ ఆగిపోదు, హైవేకి ఇంకో లేన్‌గా కొనసాగుతుంది. అక్కడ మీరు వెంటనే పక్కకు జరగాల్సిన పనే లేదు. ఈ తేడా తెలియక ఖాళీగా ఉన్న సొంత లేన్‌లో వణికిపోతూ బ్రేకులు వేసేవాళ్లుంటారు. ఒక్కసారి ఆ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూడండి, ఇక మరిచిపోరు.

బోర్డులతోపాటు రోడ్డు మీది గీతలు కూడా చెబుతాయి. ర్యాంపూ హైవే కలిసే మూల దగ్గర చారలతో నిండిన త్రికోణం ఉంటుంది. దాని మీదుగా బండి పోనివ్వకూడదు. అది దాటాక, తెగిన గీతలు మొదలైతే అక్కడి నుంచే మారడానికి వీలు. చారల మీదుగా అడ్డంగా వెళ్తే మీకు పది అడుగుల దారి కలిసొస్తుందేమో గానీ, వేగం అందుకునే దూరం పోతుంది, వెనకవాడికి మీరు అనుకోని చోట తగులుతారు.

ప్రశ్న: పొరపాటున వేరే ర్యాంప్ ఎక్కేశాను. వెనక ఎవరూ లేరు. రివర్స్‌లో వెనక్కి రావచ్చా?

జవాబు: వద్దు. ఎవరూ లేరని మీకు కనిపించిన వంపు వెనకే ఎవరో ఒకరు వస్తూ ఉంటారు. హైవేకెక్కి, తర్వాతి ఎగ్జిట్‌లో దిగి తిరిగి రండి. పదిహేను నిమిషాలు పోతాయి, పోనివ్వండి.

ప్రశ్న: అమ్మాయ్, నేను రిటైరై చాలా ఏళ్లయింది, ఇప్పటికీ నా కారు నేనే నడుపుకుంటాను. హైవేలో నా లేన్‌లో నేను తిన్నగా పోతుంటే పక్క నుంచి వచ్చి ముందు దూరిపోతారు. హైవే మీదున్నవాడిదే హక్కు కదా? నేనెందుకు వాళ్లకు చోటివ్వాలి?

జవాబు: హక్కు మీదేనండి. చాలా దేశాల్లో చట్టం కూడా అదే అంటుంది. జర్మనీలో లేన్ తగ్గిపోయే చోట ఒకరి తర్వాత ఒకరు జిప్‌లా కలవాలని రూలుంది, కానీ హైవే ఎక్కే చోటికి అది వర్తించదు, అక్కడ హైవే మీది బండిదే ముందు హక్కు. కాబట్టి మీ మాట నిజం.

అయినా ఒక మాట చెప్పనివ్వండి. మీరు ర్యాంప్ దగ్గరికి వచ్చేలోపే అటు చూస్తే, వచ్చేవాడు కనిపిస్తాడు. పక్క లేన్ ఖాళీగా ఉంటే ముందుగానే అందులోకి జరగండి. ఖాళీ లేకపోతే ఉన్న వేగంలోనే నిలకడగా పోండి. ఎక్కేవాడు మీ వేగాన్ని బట్టే లెక్క వేసుకుంటున్నాడు. చోటిద్దామని మీరు హఠాత్తుగా బ్రేక్ వేస్తే మీ వెనకవాడికి ప్రమాదం, ఎక్కేవాడికి అయోమయం. ఇవ్వకూడదని వేగం పెంచినా అంతే. మీ ఉత్తరంలో "దూరిపోతారు" అని రాశారు. వాళ్లలో కొందరు దురుసువాళ్లే, కాదనను. కానీ ఈ పేజీలో మొదటి ఉత్తరం రాసినావిడ కూడా అలాగే వణుకుతూ వచ్చి మీ ముందు చేరే మనిషే. ఆవిడ ముందుకొచ్చాక మీ ఇద్దరి మధ్య దూరం తగ్గిపోతుంది. కోపం పక్కనపెట్టి యాక్సిలరేటర్ మీది కాలు మెల్లగా తేల్చి మళ్లీ రెండు సెకన్ల దూరం చేసుకోండి.

ప్రశ్న: మా ఆయన లారీ నడుపుతారు. ర్యాంప్ దగ్గర కార్లు సరిగ్గా లారీ మూతి ముందుకొచ్చి దూరతాయని, ఏదో ఒకరోజు బ్రేక్ అందదని ఇంటికొచ్చి బాధపడతారు. దీని గురించి రాయండి మేడమ్.

జవాబు: ఆయన బాధ అందరూ చదవాలనే ఈ ఉత్తరం వేస్తున్నాను. కారులో కూర్చున్నవాళ్లకు లారీ మెల్లగా పోతున్నట్టు కనిపిస్తుంది, దాని ముందు ఖాళీ పెద్దదిగా కనిపిస్తుంది. ఆ ఖాళీ ఆయన ఊరికే వదిలింది కాదు. లోడుతో ఉన్న లారీ ఆగడానికి కారు కంటే చాలా ఎక్కువ దూరం కావాలి, దానికోసం దాచుకున్న చోటది. అందులోకి మీ కారు చేరితే ఆ దూరం మొత్తం మీరు తీసేసుకున్నట్టే. పైగా క్యాబిన్ ఎత్తు వల్ల సరిగ్గా మూతి ముందు, పక్క తలుపు కింద ఉన్న కారు డ్రైవరుకు అసలు కనబడకపోవచ్చు. లారీ అద్దాల్లో ఆయన ముఖం మీకు కనిపించడం లేదంటే మీరు ఆయనకు కనిపించనట్టే. ర్యాంప్ మీద లారీ పక్కన సమానంగా వస్తుంటే, వేగం తగ్గించి దాని వెనక చేరండి. దాటగలిగేంత ఖాళీ, వేగం రెండూ ఉంటేనే ముందుకు. లోపలి అద్దంలో లారీ ముందు భాగం మొత్తం కనబడ్డాకే దాని లేన్‌లోకి జరగండి.

ప్రశ్న: ర్యాంప్ మీద ఆగొద్దని అందరూ చెబుతారు. మేం వెళ్లే దారిలో ర్యాంప్ మీదే సిగ్నల్ పెట్టి ఆపుతున్నారు. హైవే చూస్తే ఖాళీగానే పోతోంది. దీనివల్ల ఎవరికి లాభం? (రోజూ ఆఫీసుకు వెళ్లే పాఠకుడు)

జవాబు: హైవే ఖాళీగా పోతోందంటే ఆ సిగ్నల్ పని చేస్తున్నట్టే. దీన్ని ర్యాంప్ మీటరింగ్ అంటారు. 1963లో అమెరికాలోని షికాగోలో ఐసెన్‌హోవర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద మొదలైంది. అప్పట్లో ర్యాంప్ మీద ఒక పోలీసు నిలబడి బండ్లను ఒక్కొక్కటిగా వదిలేవాడు. కారణం తేలికే. పది బండ్లు ఒకదాని వెనక ఒకటి గుంపుగా వచ్చి కలవబోతే హైవే మీది లేన్‌లో వాళ్లందరికీ ఒకేసారి ఖాళీ ఉండదు. ముందున్నవాడు బ్రేక్ వేస్తాడు, వెనకవాడు ఇంకా గట్టిగా వేస్తాడు, ఎక్కడో కిలోమీటరు వెనకాల బండ్లు పూర్తిగా ఆగిపోతాయి. ఒక్కొక్కటిగా వస్తే ఒక్కొక్కదానికీ చోటు దొరుకుతుంది.

మీలాగే అమెరికాలోని మినెసోటా రాష్ట్రం జనం కూడా విసుక్కున్నారు. అక్కడి శాసనసభ ఆదేశంతో 2000 సంవత్సరంలో మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో ఉన్న 430కి పైగా ర్యాంప్ సిగ్నళ్లను కొన్ని వారాలపాటు ఆపేసి చూశారు. ఆ రోడ్ల మీద ప్రమాదాలు దాదాపు 26 శాతం పెరిగాయి. ప్రయాణానికి పట్టే సమయం కూడా పెరిగింది. జనం విసుగులోనూ న్యాయముందని ఒప్పుకుని, ర్యాంప్ మీద మరీ ఎక్కువసేపు ఆపకుండా మార్చి సిగ్నళ్లను తిరిగి పెట్టారు. నాకు ఈ ఉదాహరణ ఎంతో ఇష్టం. వాదించుకుంటూ కూర్చోకుండా ఆపి చూసి, లెక్క తీసి, తర్వాత నిర్ణయించారు.

ఆ సిగ్నల్‌ను లేన్ చివర కాకుండా వెనకగా పెడతారు, దాని తర్వాత వేగం అందుకోవడానికి రోడ్డుంటుంది. కాబట్టి గీత దాకా రండి, చాలా చోట్ల బండి వచ్చినట్టు కనిపెట్టే సెన్సర్ ఆ గీత దగ్గరే రోడ్డు కింద ఉంటుంది, మీరు దూరంగా ఆగితే దానికి తెలియదు. పచ్చ వెలగ్గానే ఎన్ని బండ్లు వెళ్లొచ్చో పక్కన బోర్డు మీద రాసి ఉంటుంది, సాధారణంగా ఒకటి. మీ వంతు రాగానే మెల్లగా బయల్దేరకండి. గట్టిగా నొక్కి, మీకున్న రోడ్డంతా వాడుకోండి.